మూడు ఎండాకాలాల బాకీ

జులై వచ్చిందంటే జూబ్లీ హిల్స్‌లో గునపాలకు గిరాకీ. రోటరీ అయినా లయన్స్ అయినా సేవా క్లబ్బులకు కొత్త సంవత్సరం జులై ఒకటినే మొదలు. కొత్త ప్రెసిడెంటు మెడలో కాలర్ పడుతుంది. డిస్ట్రిక్ట్ గవర్నరుగారు వచ్చేలోగా ఏదో ఒక ప్రాజెక్టు చూపించాలి. పైకి చూస్తే మబ్బు పట్టి ఉంటుంది. ఇంకేం, వన మహోత్సవం! ఒక బ్యానరు, నాలుగు శాలువాలు, ఫిల్మ్‌నగర్ నుంచి పిలిస్తే వచ్చే ఒక నటుడు, ట్రాలీ ఆటోలో దిగిన రెండడుగుల మొక్కలు. ఒక్క మొక్క మీద పది చేతులు పడతాయి. ఫొటో అవుతుంది, టిఫిన్ అవుతుంది, ఎండ ముదిరేలోగా కార్లన్నీ వెళ్ళిపోతాయి.

ఆ మొక్కకు నవంబరులో నీళ్ళెవరు పోశారు? ఫిబ్రవరిలో? మే నెలలో?

మా రోడ్డు పక్కన ఒక క్లబ్బు ఏటా అదే జానెడు నేలలో మొక్కలు నాటుతోంది. పేరెందుకు లెండి. పోయినేడు ఎండిన పుల్లను పీకేసి, ఆ గోతిలోనే కొత్తది పెడతారు. ట్రీగార్డు మాత్రం పాతదే. దానికి మళ్ళీ రంగేసి కొత్త ప్రెసిడెంటు పేరు రాస్తారు. వచ్చిన పెద్దమనుషుల్లో ఒకాయన్ని ఆపి అడిగాను, “పోయినసారి నాటినవి ఏమయ్యాయి సార్?” అని. “అది పాస్ట్ ప్రెసిడెంట్ ప్రాజెక్టండీ, మా టర్ముది కాదు” అన్నాడాయన. సిగ్గుపడుతూ కాదు, నాకేదో తెలియనిది చెబుతున్నట్టు.

చెట్టుకు టర్ము ఉంటుందా అండీ? అందులోనూ ఈ గుట్టల మీద? జూబ్లీ హిల్స్ అంటే మన్ను కాదు, రాయి. 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైటు. ఫిల్మ్‌నగర్ దగ్గరి మాన్‌స్టర్ రాక్‌ను ఒకప్పుడు వారసత్వ శిలల జాబితాలోనే చేర్చారు. ఆ రాతి మీద పైపైన కాస్త మొరం. గునపం రెండు దెబ్బలు వేస్తే ఖణేల్‌మంటుంది. వాన ఉండేది నాలుగు నెలలు. మిగతా కాలమంతా ఎండే. మార్చి దాటితే కింద రాయి, పక్కన కాంక్రీటు, పైన సూర్యుడు కలిసి లేత వేరును ఉడికిస్తాయి. ఇక్కడ ఒక వేపో కానుగో నిలదొక్కుకోవాలంటే లోతుగా గోయి తవ్వాలి, ఎర్రమట్టీ ఎరువూ పోయాలి, వేరు రాతి సందుల్లోకి దారి వెతుక్కునేదాకా కనీసం మూడు ఎండాకాలాలు నీళ్ళు పట్టాలి. ప్రెసిడెంటుగారి పదవిలో పడేది ఒక్క ఎండాకాలం. అదీ చివర్లో, వచ్చే ఏటి కార్యవర్గం గురించి మంతనాలు జరిగే రోజుల్లో.

మాటలకైతే లోటు లేదు. లయన్స్ తన నూరేళ్ళ పండుగ వేళ పర్యావరణాన్ని ప్రపంచవ్యాప్త లక్ష్యాల్లో ఒకటిగా ప్రకటించుకుంది. రోటరీ 2021 జులై నుంచి దాన్ని తన ఏడో ప్రధాన సేవారంగం చేసుకుంది. అంతకుముందే 2017-18లో సభ్యుడికి ఒక చెట్టు చొప్పున నాటాలని రోటరీ అంతర్జాతీయ అధ్యక్షుడు పిలుపిచ్చాడు. గడువు 2018 ఏప్రిల్ 22, ధరిత్రీ దినోత్సవం. సరిగ్గా మన దగ్గర మొక్కకు ప్రాణం మీదికి వచ్చే రోజుల్లో అక్కడ లెక్క ముగిసింది.

నాకు అన్నిటికంటే మంట పుట్టించే సంగతి ఇంకొకటుంది. వీళ్ళకు చేతకాక కాదు. 1985లో పోలియో మీద యుద్ధం ప్రకటించింది ఈ రోటరీయే. 1995 నుంచి మన దేశంలో పల్స్ పోలియో ఆదివారాలు ఎలా జరిగాయో నలభై దాటిన వాళ్ళందరికీ గుర్తే. చుక్కలు వేసిన బిడ్డ వేలిగోరు మీద సిరా గుర్తు, ఇంటి తలుపు మీద సుద్దగీత, చుక్కలు తప్పిన బిడ్డ కోసం బస్టాండులో మాటు. మన దేశంలో చివరి కేసు 2011 జనవరిలో. పోలియో పోయిందన్న ధ్రువపత్రం 2014 మార్చిలో. 1985కూ 2014కూ మధ్య ఒక్కో క్లబ్బులో పాతికమందికి పైగా ప్రెసిడెంట్లు మారి ఉంటారు. పోలియో పాస్ట్ ప్రెసిడెంట్ ప్రాజెక్టు అని చేతులు దులుపుకుని ఉంటే ఈ రోజు మన వీధుల్లో ఎన్ని కాలిపర్లు చప్పుడు చేస్తూ ఉండేవో! దేశంలో పసిబిడ్డలందరినీ లెక్కపెట్టడంలో చేయి కలిపిన సంస్థ, తన వీధిలో నాటిన నూరు మొక్కలను లెక్కపెట్టలేదా? కదలకుండా పడి ఉన్నవాటిని?

సొంత ఆచరణకు రోటరీ పెట్టుకున్న నాలుగు ప్రశ్నల్లో మొదటిది, చెప్పేది నిజమేనా అన్నది. నాటిన మొక్కలు ఇన్ని అని రిపోర్టు పంపేటప్పుడు బతికినవి ఇన్ని అని పక్కన ఇంకో గడి ఎందుకుండదు?

క్లబ్బుల్నే అనడం న్యాయం కాదంటారా? సరే, మనల్నీ అనుకుందాం. గేటు లోపల పైపుతో కారు కడుగుతారు, ఆ నీళ్ళు రోడ్డు మీద పారుతుంటాయి, గేటు బయట మొక్క నాలుక చాపి ఉంటుంది. అటు తిప్పరు పైపు. మా వరసలో దక్కిన ఒకే ఒక్క కానుగను దక్కించింది ఎదురింటి వాచ్‌మన్ భార్య. తమకే నీళ్ళు కటకట అయిన రోజుల్లో, అంట్లు కడిగిన నీళ్ళు తెచ్చి పోసింది. ఆమెకెవరూ శాలువా కప్పలేదు. ఇక సినిమావాళ్ళ సంగతి. 2018లో మొదలైన గ్రీన్ ఇండియా ఛాలెంజ్‌లో మొక్క నాటి, ఇంకో ముగ్గురిని నాటమని సవాలు విసిరారు చాలామంది తారలు. మంచిదే. ఆ ముగ్గురు ఎవరో అభిమానులు ఇప్పటికీ చెప్పగలరు. మొక్క ఎక్కడుందో నాటినవాళ్ళు చెప్పగలరా?

నీళ్ళు లేవనకండి. దుర్గం చెరువు దగ్గర మురుగును శుద్ధి చేసే ప్లాంటు ఉంది. ఆ నీళ్ళు తాగడానికి పనికిరావు గానీ వేపచెట్టుకు పంచామృతం. మే నెలంతా వారానికి రెండు ట్యాంకర్లు తిప్పడానికి ఎంతవుతుందో, పదవీ స్వీకారం నాటి డిన్నర్ బిల్లు పక్కన పెట్టి చూడండి.

నాటక్కర్లేని చెట్లు కూడా మన పక్కనే ఉన్నాయి, కేబీఆర్ పార్కులో. 1998లో జాతీయ ఉద్యానమైంది. 2016లో ఫ్లైఓవర్ల కోసం చుట్టూ ఉన్న చెట్లు కొట్టేస్తామంటే మామూలు జనం మానవహారం కట్టారు, హరిత ట్రిబ్యునల్‌దాకా వెళ్ళారు. 2020లో పార్కు చుట్టూ రక్షణ మండలం కొన్నిచోట్ల మూడు మీటర్లకు కుదించుకుపోయింది. 2024 డిసెంబరులో పార్కు చుట్టూ ఉన్న ఆరు కూడళ్ళ కోసం మళ్ళీ 826 కోట్ల పథకానికి శంకుస్థాపన. “మేము రాజకీయాల జోలికి పోమండీ” అంటారు క్లబ్బువాళ్ళు. పోవద్దు. ఎన్ని చెట్లు పోతాయి, ఎన్నింటిని వేళ్ళతో లేపి మరోచోట నాటుతారు, వాటిలో ఎన్ని బతుకుతాయి అని ఒక ఉత్తరం రాయడం రాజకీయమా? మీ క్లబ్బుల్లో లాయర్లున్నారు, ఇంజనీర్లున్నారు, రిటైరైన ఐఏఎస్‌లున్నారు. పేదవాడు రాస్తే చెత్తబుట్టలోకి వెళ్ళే ఉత్తరం మీ లెటర్‌హెడ్ మీద వెళితే సమాధానం వస్తుంది. ఆ పలుకుబడి ఎందుకు దాచుకుంటున్నారు?

ఈసారి పదవి తీసుకునే ప్రెసిడెంట్లారా, కార్యదర్శులారా, మొదటి మీటింగులో ఒక్క పని చేయండి. గత మూడేళ్ళలో మీ క్లబ్బు నాటిన ప్రతి మొక్క దగ్గరికీ నడిచి వెళ్ళి, బతికినవి ఎన్నో రాసి, ఆ అంకెను మీ బ్యానరు మీదే అచ్చు వేయించండి. సున్నా అయితే సున్నా అనే వేయండి. తర్వాత ఒక మాలిని మూడేళ్ళకు జీతానికి పెట్టుకుని, ఆ డబ్బు ముందే బ్యాంకులో వేయండి. ఇరవై మొక్కలకు సరిపడా డబ్బుంటే ఇరవయ్యే నాటండి. అదీ కుదరకపోతే ఈ జులైలో మా రోడ్డుకు రావద్దు.