బ్రేకు దుమ్ము ఊదొద్దు!

ఏమండీ, మీ ఇంట్లోనూ పాత కారుందా? మాది మారుతి 800. ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు, వెనక వాటికి డ్రమ్ము బ్రేకులు. పోయిన నెల నాచారంలో మా ఇంటికి వస్తూంటే, ఉప్పల్ రింగ్ రోడ్డు సిగ్నల్ దగ్గర బ్రేకు తొక్కగానే వెనకనుంచి కర్రుమని ఇనుము గీసుకున్న చప్పుడు! బ్రేకు షూల మీది లైనింగు అరిగిపోయిందట. "షెడ్డుకెందుకు? ఆదివారం నేనూ బాబూ మార్చేస్తాం" అన్నారు మావారు.

సరేనని నేనూ కుర్చీ వేసుకుని దగ్గరే కూర్చున్నాను. ముందు చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టించి, గేర్లో ఉంచి, హ్యాండ్ బ్రేకు వదిలించాను. అది లాగి ఉంటే డ్రమ్ము రాదు. జాకీతో లేపాక కింద స్టాండు పెట్టేదాకా ఒప్పుకోలేదు. జాకీ ఒక్కదాన్నీ నమ్మకూడదండీ, అది జారితే మనిషి దక్కడు.

డ్రమ్ము ఊడింది. లోపలంతా నల్లటి పొడి. బాబు వంగి 'ఉఫ్'మని ఊదబోయాడు. నా అరుపుకి పక్కింటి వదినగారు గోడ దగ్గరికి పరుగెత్తుకొచ్చారు!

మన ఇళ్లమీది సిమెంటు రేకుల్లో కలిపే ఆస్బెస్టాస్ తెలుసు కదా, వేడికి తట్టుకుంటుందని బ్రేకు లైనింగుల్లోనూ ఏళ్లతరబడి కలిపారు. దాని పోగులు కంటికి కనపడవు. రుమాలు కట్టుకున్నా ఆగవు. ఊపిరితిత్తుల్లో చేరితే క్యాన్సర్ ఇరవై, ముప్ఫై ఏళ్లకైనా బయటపడవచ్చు. ఆ పరిశ్రమల కార్మికుల ఆరోగ్యం గురించి 1995లోనే సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. పాత షూలో అది ఉందో లేదో చూసి చెప్పలేం. కొత్తవి కొనేటప్పుడు మాత్రం పెట్టె మీద 'ఆస్బెస్టాస్ లేనిది' అని ఉందేమో చూడండి.

అందుకని ఇస్త్రీకి నీళ్లు చల్లే సీసాలో సబ్బునీళ్లు పోసిచ్చాను. పొడి తడిశాక పాతగుడ్డతో తుడిచి, ఆ గుడ్డ కవర్లో మూటగట్టారు. చీపురు ముట్టనివ్వలేదు.

రెండు పక్కలా షూలు మార్చాల్సిందే గానీ, ఒక్కసారే విప్పకండి. స్ప్రింగులు ఏది ఎక్కడో మరిచిపోతే రెండో చక్రం చూసి బిగించుకోవచ్చు. డ్రమ్ము తీసి ఉండగా బ్రేకు తొక్కకూడదు. కొత్త లైనింగుకు గ్రీజు చెయ్యి తగలకూడదు. లోపల ఆయిలు తడి కనిపిస్తే మాత్రం పని ఆపి మెకానిక్‌ని పిలవండి.

అంతా బిగించాక పెడల్ గట్టిపడేదాకా పదిసార్లు తొక్కి, సందులోనే మెల్లగా నడిపి చూశారు. చప్పుడు లేదు. మావారి చొక్కా మాత్రం దులపకుండా విడిగా నానబెట్టాను.