అరిగిన బంగారం కింద

చార్ ఆయినా అంటే నాలుగు అద్దాలు. రొమ్ముకు ఒకటి, వీపుకు ఒకటి, చంకల కింద రెండు. ఇనుప కడియాలతో అల్లిన చొక్కా మీద పట్టీలతో బిగించుకునే ఉక్కు పలకలివి. చెయ్యి ఆడడానికి వీలుగా పక్క పలకల పైఅంచును లోపలికి వంపుగా కోస్తారు. మొఘలుల నుంచి సిక్కుల దాకా సర్దారులు తొడుక్కున్న ఈ కవచం ఎదుట నిలబడితే ఎవరి చూపైనా ముందు బంగారు లతల మీదికే పోతుంది. బంగారం అరిగిపోయిన చోట కూడా కాసేపు ఆగమని మా మనవి.

అక్కడ వెంట్రుకంత సన్నని గీతలు ఒకదాన్నొకటి కోసుకుంటూ వలలా కనిపిస్తాయి. ఉక్కు మీద బంగారం అతికే కోఫ్త్‌గరీ పనికి ప్రాణం ఆ గీతలే. పనివాడు ముందు ఉక్కు ముఖాన్ని చిన్న ఉలితో గరుకుగా గీరుతాడు. దాని మీద బంగారు తీగను ఆకుగానో పువ్వుగానో తిప్పుతూ పరిచి, సుత్తితో మెల్లగా తడతాడు. మెత్తని బంగారం ఆ గరుకును కరుచుకుని ఉండిపోతుంది. తర్వాత నున్నని రాతితో రుద్ది మెరుగు పెడతాడు. జిగురు లేదు, టంకం లేదు. పొర పల్చన కాబట్టి, శుభ్రం చేస్తున్నామనుకుని గట్టిగా తోమిన ప్రతిసారీ కొంత పనితనం లేచిపోతుంది. గాడి తవ్వి తీగను లోతుగా దించే తహనిషాన్ పని ఇంతకన్నా మొండిది.

ఇక ఆ ఉక్కు సంగతి. పాత కత్తుల మీద, కొన్ని కవచాల మీద నీటి అలల్లాంటి చారలుంటాయి. అవి పైన దిద్దినవి కావు, మూసలో కరిగి నెమ్మదిగా చల్లారిన ఉక్కు లోపలే పుట్టినవి. నిజామాబాద్ వైపు కోనసముద్రంలో మన కమ్మరులు అలాంటి ఉక్కు తీసేవారు. దానికోసం ఇస్ఫహాన్ వర్తకుడొకడు అక్కడికి వచ్చిన సంగతి, హెన్రీ వాయిసీ రాయగా 1832లో అచ్చయిన వ్యాసంలో ఉంది. ఇంగ్లిషువాళ్లు ‘వూట్జ్’ అని పలికిన మాట వెనక ఉన్నది కన్నడ, తెలుగు భాషల ‘ఉక్కు’ మాటేనని పండితులు చాలామంది ఒప్పుకున్నారు.

మ్యూజియం చీటీల్లో తరచుగా రాజు పేరు, శతాబ్దం ఉంటాయి. మూస, తిత్తి, ఉలి ఉండవు. సాలార్‌జంగ్ మ్యూజియంలోనైనా ఆయుధాల పక్కన కోనసముద్రం పేరు, ఆ కమ్మరుల పని తీరు తెలుగులో నాలుగు వాక్యాలుగా రాసి పెట్టాలని కోరుతున్నాం.