ఎగరాలా? ఆగాలా?.. విమాన సిబ్బంది ముందు సమ్మె ప్రశ్న

మూకుమ్మడి సెలవుల అస్త్రానికి కొత్త చట్టం కళ్లెం
వేతనాలు, విశ్రాంతిపై అలాగే ఉన్న అసంతృప్తి

విమానాలు ఆగితే ఇబ్బంది పడేది సంపన్నులేనన్న భావన ఒకప్పుడు ఉండేది. ఆ రోజులు గతించాయి. నిజామాబాద్, కరీంనగర్, కడప, గోదావరి జిల్లాల నుంచి గల్ఫ్ దేశాలకు వెళ్లే కూలీలు, అమెరికా బాట పట్టే విద్యార్థులు, మెరుగైన వైద్యం కోసం హైదరాబాద్ చేరుకునే రోగులు నేడు విమాన ప్రయాణికుల్లో ఉన్నారు. ఒక్క సర్వీసు రద్దయితే వీసా గడువు దాటిపోవచ్చు, కొత్త కొలువు చేజారవచ్చు. అందువల్ల విమాన సంస్థల్లో వేతనాలు, పని పరిస్థితులపై తలెత్తే వివాదాలు ఇక మహానగరాలకే పరిమితమైన వార్తలు కావు.

అసంతృప్తి పెరిగిన ప్రతిసారీ సిబ్బంది మధ్య ఒకే చర్చ సాగుతోంది. విధులు బహిష్కరిస్తేనే యాజమాన్యం దిగివస్తుందన్నది ఒక వర్గం వాదన. సమ్మెకు దిగితే ఉద్యోగం పోతుంది, సంస్థ దెబ్బతింటుంది, ప్రజల సానుభూతీ దక్కదన్నది రెండో వర్గం ఆందోళన. గత పదిహేడేళ్ల అనుభవాలను పరిశీలిస్తే ఈ రెండు వాదనల్లోనూ నిజం ఉందని స్పష్టమవుతుంది.

నాలుగు పోరాటాలు.. నాలుగు ఫలితాలు

2009 సెప్టెంబరులో జెట్ ఎయిర్‌వేస్ పైలట్లు మూకుమ్మడిగా అనారోగ్య సెలవు పెట్టారు. సంఘం ఏర్పాటుకు పూనుకున్న ఇద్దరు సహచరులను తొలగించడమే ఇందుకు కారణం. ఐదు రోజుల పాటు వందలాది సర్వీసులు నిలిచిపోయాయి. చివరకు రాజీ కుదిరి, తొలగించిన వారిని తిరిగి తీసుకునేందుకు యాజమాన్యం అంగీకరించింది. సంఘటిత శక్తికి ఇది నిదర్శనంగా నిలిచింది.

మూడేళ్లు తిరగకముందే ఎయిరిండియాలో దీనికి భిన్నమైన ఫలితం వెలువడింది. 2007లో ఎయిరిండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ విలీనమైనప్పటి నుంచి రెండు వర్గాల పైలట్ల మధ్య పదోన్నతులు, వేతనాల విషయంలో విభేదాలు రగులుతూనే ఉన్నాయి. బోయింగ్ 787 విమానాల శిక్షణలో వాటాపై 2012 మే నెలలో అవి భగ్గుమన్నాయి. ఇండియన్ పైలట్స్ గిల్డ్ ఆధ్వర్యంలో 58 రోజులు సాగిన ఆందోళనలో దాదాపు 100 మంది ఉద్యోగాలు కోల్పోయారు. సంఘం గుర్తింపు రద్దయింది. చివరకు ఢిల్లీ హైకోర్టు జోక్యంతో, తొలగించిన వారి విషయాన్ని సానుభూతితో పరిశీలిస్తామన్న హామీతో జులై 3న సమ్మె విరమించారు. న్యాయస్థానం నిషేధించిన సమ్మెను కొనసాగించడం, సిబ్బందిలోనే ఐక్యత లోపించడం పోరాటాన్ని బలహీనపరిచాయి.

2019లో మళ్లీ జెట్ ఎయిర్‌వేస్ వంతు వచ్చింది. నెలల తరబడి జీతాలు అందని పైలట్ల సంఘం మార్చి 31లోగా బకాయిలు చెల్లించకుంటే విమానాలు నడపబోమని ప్రకటించింది. సంస్థను బతికించుకోవాలన్న ఆశతో గడువును ఏప్రిల్ 15కు, ఆపై మరోసారి వాయిదా వేసింది. ఈ తర్జనభర్జనల మధ్యే ఏప్రిల్ 17 రాత్రి సంస్థ చివరి విమానం నేల దిగింది. వేలాది కుటుంబాలు వీధిన పడ్డాయి. సంస్థను లిక్విడేషన్‌కు పంపాలని 2024 నవంబరు 7న సుప్రీంకోర్టు ఆదేశించింది. అంతవరకు బకాయిల కోసం సిబ్బంది ఎదురుచూస్తూనే ఉన్నారు. సంస్థే మునిగిపోతున్నప్పుడు సమ్మె చేసినా, చేయకున్నా కార్మికుడికి మిగిలేది శూన్యమేనన్న చేదు వాస్తవాన్ని ఈ ఉదంతం చాటింది.

తాజా ఉదాహరణ 2024 మే నెలలో ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్‌ది. పూర్వపు ఎయిర్‌ఏషియా ఇండియాతో విలీన ప్రక్రియ సాగుతున్న సమయంలో జీతభత్యాల్లో మార్పులు, సీనియారిటీకి విలువ లేకపోవడంపై క్యాబిన్ సిబ్బంది ఆగ్రహించారు. 7వ తేదీ రాత్రి నుంచి వందమందికి పైగా అనారోగ్యమంటూ విధులకు దూరమయ్యారు. వందకు పైగా సర్వీసులు రద్దయ్యాయి. గల్ఫ్ ప్రయాణికులు విమానాశ్రయాల్లో పడిగాపులు కాశారు. యాజమాన్యం పాతిక మందిని తొలగించింది. 9వ తేదీన ఢిల్లీలో కేంద్ర కార్మిక కమిషనర్ కార్యాలయంలో జరిగిన చర్చల్లో సిబ్బంది విధుల్లో చేరేందుకు, యాజమాన్యం తొలగింపులు ఉపసంహరించుకునేందుకు అంగీకరించాయి. నెలల తరబడి వినతిపత్రాలతో తేలని సమస్యపై రెండు రోజుల స్తంభనతో చర్చలు మొదలవడం గమనార్హం.

మారిన చట్టం.. పెరిగిన శిక్ష

2024 నాటి ఎత్తుగడ ఇకపై అంత సులువు కాదు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ సమ్మెకు కొత్త నిర్వచనమిచ్చింది. సగం లేదా అంతకు మించిన కార్మికులు ఒకే రోజు కూడబలుక్కుని క్యాజువల్ లీవు పెడితే దాన్ని సమ్మెగానే పరిగణిస్తారు. 14 రోజుల ముందు నోటీసు తప్పనిసరి. రాజీ చర్చలు సాగుతున్నంత కాలం, అవి ముగిసిన ఏడు రోజుల వరకు సమ్మె నిషిద్ధం. నోటీసు అందగానే రాజీ ప్రక్రియ మొదలైతే చట్టబద్ధంగా సమ్మె చేసే అవకాశం అంతకంతకూ వెనక్కి జరుగుతుందన్నది కార్మిక సంఘాల అభ్యంతరం.

విమానయానానికి నోటీసు నిబంధన కొత్తదేమీ కాదు. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం కూడా విమాన రవాణాను ప్రజోపయోగ సేవగా గుర్తించి, ముందస్తు నోటీసును తప్పనిసరి చేసింది. మారింది శిక్ష తీవ్రత. పాత చట్టం కింద చట్టవిరుద్ధ సమ్మెకు గరిష్ఠ జరిమానా 50 రూపాయలు. కొత్త కోడ్ కింద అది కనీసం 1,000, గరిష్ఠంగా 10,000 రూపాయలు. నెల వరకు జైలు శిక్షకు అవకాశం రెండింటిలోనూ ఉంది. ప్రోత్సహించిన వారికి జరిమానా 50,000 వరకు పెరిగింది.

పైలట్ల పరిస్థితి మరింత క్లిష్టం. నచ్చని ఉద్యోగం వదిలి వెళ్దామన్నా 2017 నాటి డీజీసీఏ నిబంధన ప్రకారం కెప్టెన్లు ఏడాది, కో పైలట్లు ఆరు నెలలు ముందుగా నోటీసు ఇవ్వాలి. సమ్మెకు దారి ఇరుకై, రాజీనామాకూ ఏడాది ఆగాల్సి వస్తే అసంతృప్తి లోలోపలే పేరుకుపోతుంది. అది ఏదో ఒకరోజు అనారోగ్య సెలవుల రూపంలోనే బయటపడుతుందన్న విషయాన్ని పాలకులు విస్మరించరాదు.

జీతం ఒక్కటే కాదు.. నిద్ర కూడా

ఈ వివాదాల్లో వేతనం కంటే లోతైన అంశం విశ్రాంతి. అలసిన పైలట్ చేతిలో వందల ప్రాణాలు ఉంటాయి. అందుకే డీజీసీఏ 2024 జనవరిలో కొత్త విధి వేళల నిబంధనలు ప్రకటించింది. వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48 గంటలకు పెంచింది. రాత్రి వేళ ల్యాండింగ్‌లను ఆరు నుంచి రెండుకు తగ్గించింది. విమాన సంస్థల అభ్యంతరాలతో అమలు వాయిదా పడగా, పైలట్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించిన తర్వాతే 2025 జులై, నవంబరు నెలల్లో రెండు దశలుగా అమల్లోకి వచ్చాయి.

తర్వాతి పరిణామం దేశమంతా చూసింది. కొత్త నిబంధనలకు సరిపడా సిబ్బందిని సిద్ధం చేసుకోలేకపోయిన ఇండిగో 2025 డిసెంబరు 5న ఒక్కరోజే వెయ్యికి పైగా సర్వీసులు రద్దు చేసింది. శంషాబాద్ సహా ప్రధాన విమానాశ్రయాలు నిలువనీడ లేని ప్రయాణికులతో నిండిపోయాయి. అప్పుడు ఎవరూ సమ్మె చేయలేదు. అయినా ప్రయాణికుడు పడిన కష్టం సమ్మె నాటి కష్టానికి తీసిపోలేదు. సంక్షోభం నుంచి బయటపడేందుకు ప్రభుత్వం నిబంధనల్లో తాత్కాలిక సడలింపులు ఇవ్వగా, భద్రత కోసం చేసిన నిబంధనను సంస్థ వైఫల్యానికి బలి చేశారని పైలట్ల సంఘాలు విమర్శించాయి. శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు 2024 జూన్‌లో పౌర విమానయాన శాఖ బాధ్యతలు స్వీకరించిన తర్వాత ఎదుర్కొన్న కఠిన పరీక్షల్లో ఇదొకటి.

కెనడా నేర్పిన పాఠం

2025 ఆగస్టులో ఎయిర్ కెనడాకు చెందిన సుమారు 10,000 మంది క్యాబిన్ సిబ్బంది సమ్మెకు దిగారు. విమానం గాలిలో ఉన్న సమయానికే వేతనం లెక్కగట్టి, ప్రయాణికులను ఎక్కించే, దించే సమయాన్ని లెక్కలోకి తీసుకోకపోవడం వారి ప్రధాన అభ్యంతరం. సమ్మె మొదలైన పన్నెండు గంటల్లోపే ప్రభుత్వం జోక్యం చేసుకుని విధుల్లో చేరేలా చర్యలు చేపట్టింది. సిబ్బంది ధిక్కరించారు. 19వ తేదీన ఒప్పందం కుదిరి, నేలపై పనికి కూడా కొంత వేతనం ఇచ్చేందుకు సంస్థ అంగీకరించింది. అయితే అందులోని వేతన ప్రతిపాదనను సిబ్బంది 99.1 శాతం ఓట్లతో తిరస్కరించారు. ఆదేశాలతో విధుల్లోకి రప్పించవచ్చేమో కానీ, అసంతృప్తిని తొలగించలేమని దీనితో రుజువైంది.

ముందున్న మార్గం

కొత్త కోడ్‌లోనే ఇందుకు కొన్ని దారులున్నాయి. 20 మంది, ఆపైన కార్మికులున్న సంస్థల్లో ఫిర్యాదుల పరిష్కార కమిటీ తప్పనిసరి. అది 30 రోజుల్లోగా నిర్ణయం వెలువరించాలి. 51 శాతం సభ్యత్వమున్న సంఘానికి యాజమాన్యంతో చర్చించే హక్కు లభిస్తుంది. అంత బలం ఏ సంఘానికీ లేకపోతే చర్చల మండలి ఏర్పాటు చేయాలి. ఈ నిబంధనలు కాగితాలకే పరిమితమైతే శిక్షల భయం ఎక్కువ కాలం పనిచేయదు. పర్యవేక్షక హోదాలో నెలకు 18,000 రూపాయలకు మించి జీతం పొందేవారిని కోడ్ కార్మికులుగా గుర్తించదు. విమానానికి బాధ్యత వహించే కెప్టెన్ ఏ కోవలోకి వస్తాడన్న దానిపై స్పష్టత లేకుంటే మళ్లీ కోర్టుల చుట్టూ తిరగక తప్పదు.

సిబ్బంది సంఘాలూ ఆత్మవిమర్శ చేసుకోవాలి. ముందస్తు సమాచారం లేకుండా చివరి నిమిషంలో విధులకు దూరమైతే నష్టపోయేది యాజమాన్యం కంటే ముందు అప్పు చేసి టికెట్ కొన్న గల్ఫ్ కూలీ. నోటీసు ఇచ్చి, డిమాండ్లు బహిరంగంగా వివరించి చేసే పోరాటానికే ప్రజల మద్దతు లభిస్తుంది. 2019లో తెలంగాణ ఆర్టీసీ కార్మికులు 52 రోజులు సమ్మె చేసినప్పుడు ఇబ్బంది పడిన ప్రయాణికుల్లోనే ఎందరో వారికి అండగా నిలిచారు. కండక్టర్, డ్రైవర్ కష్టం వారికి కళ్లెదుట కనిపించడమే అందుకు కారణం. విమాన సిబ్బంది కష్టం చిరునవ్వు వెనుక, కాక్‌పిట్ తలుపు వెనుక దాగి ఉంటుంది. దాన్ని ప్రజల ముందుంచే బాధ్యత సంఘాలదే.

సమ్మె చేయాలా, వద్దా అన్న ప్రశ్న సిబ్బంది ముందుకు వచ్చిందంటే, అప్పటికే చర్చల యంత్రాంగం విఫలమైందని అర్థం. విమానాలు సకాలంలో ఎగరాలంటే నడిపేవారి జీతం, నిద్ర కూడా సకాలంలో అందాలి. ఆ మేరకు యాజమాన్యాలు, ప్రభుత్వం మేల్కొనకుంటే తదుపరి సంక్షోభంలోనూ మూల్యం చెల్లించేది ప్రయాణికుడే.