పత్రికలు వచ్చాయి, పాఠకుడు రావలసి ఉంది

కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరు 25న ఆమోదించిన ‘వన్ నేషన్ - వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకం 2025 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. 2025, 2026, 2027 సంవత్సరాలకు గాను రూ.6,000 కోట్లు కేటాయించారు. ముప్ఫై అంతర్జాతీయ ప్రచురణ సంస్థలకు చెందిన సుమారు 13,000 ఎలక్ట్రానిక్ పత్రికలను 6,300కు పైగా ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలకు అందించడం దీని లక్ష్యం. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం దీనిని సమన్వయపరుస్తున్నది.

విదేశీ పత్రికకు చందా కట్టడం చిన్న ప్రభుత్వ కళాశాలకు శక్తికి మించిన పని. ఆ అడ్డంకి ఇప్పుడు చాలావరకు తొలగినట్లే. అయితే బీరువాలోని పుస్తకం కనీసం కంటికి కనబడుతుంది. కంప్యూటరులోని పత్రికను ఎవరో ఒకరు చూపించవలసిందే. ప్రతి పుస్తకానికీ దాని పాఠకుణ్ణి చేర్చడం గ్రంథాలయ ధర్మమని ఎస్.ఆర్. రంగనాథన్ 1931లోనే సూత్రీకరించారు.

కావున గ్రంథపాలకుని పాత్ర ఇక్కడ కీలకం. లాగిన్ వివరాలతో ఆంగ్లంలో ఒక సర్క్యులర్ నోటీసు బోర్డుకు అతికించినంత మాత్రాన పని పూర్తయినట్లు కాదు. పూర్వం కొత్తగా వచ్చిన పుస్తకాల జాబితాను టైపు చేయించి శాఖలకు పంపే మంచి అలవాటు ఉండేది. వ్యవసాయ శాస్త్ర విద్యార్థికి ఆ శాస్త్రపు పత్రికలు, రసాయన శాస్త్ర విద్యార్థికి తన విషయానివి ఏవో విడివిడిగా, తేలిక తెలుగులో, నెలనెలా తెలియజేయడం నేడు మరింత సులభం. ఇందుకు ప్రత్యేక నిధులు అక్కరలేదు. గ్రంథపాలకుని పోస్టు ఖాళీగా ఉన్న కళాశాలలో మాత్రం ఈ పని ఎవరిదో ప్రిన్సిపాలే ముందుగా నిర్ణయించవలసి ఉంటుంది.