బియ్యంలో దిద్దిన వేలు

ఖమ్మం నుంచి వైరా మీదుగా వచ్చే రహదారి మా తల్లాడ వద్ద చీలుతుంది. ఒక పాయ సత్తుపల్లికి, రెండవది ఏన్కూరు, జూలూరుపాడుల మీదుగా కొత్తగూడెం, ఆపై భద్రాచల సీమకు సాగిపోతుంది. నాలుగేళ్ల మా మనుమడు ఆ కూడలిలో నిలబడి బస్సుల నుదుటి పలకలను చూసి ‘స వచ్చింది, భ వచ్చింది’ అని కేకలు వేసేవాడు. వాడికి అప్పటికి ఒక్క అక్షరమైనా రాయడం రాదు. వసంత పంచమి నాడు పురోహితుల సమక్షంలో అక్షరాభ్యాసం జరిపించాము. మరుసటి వారమే ఒక ప్రైవేటు బడిలో చేర్పించాము. మూడవ రోజున వాడు ‘అ’ ఒక పుట నిండా రాసుకురావాలన్న ఆజ్ఞతో ఇంటికి వచ్చాడు.

ఆ రాత్రి వాడి వేళ్లను నా పిడికిట బిగించి పెన్సిలు తిప్పించినవాడిని నేనే. వాడు ఏడ్చాడు. నేను విడువలేదు. తరువాత చాలా రోజులు వాడు కూడలిలో బస్సుల వంక చూడనేలేదు. బడిని నిందించడానికి ముందు నన్ను నేను నిందించుకోవాలి.

అక్షరాభ్యాస విధిని ఒకసారి నెమ్మదిగా స్మరించండి. గణపతి పూజ, సరస్వతీ పూజ అయిన పిమ్మట బిడ్డను ఒడిలో కూర్చుండబెట్టుకుంటారు. పళ్లెంలో బియ్యం పరుస్తారు. బిడ్డ వేలును పెద్దల చేయి పట్టుకుని, ‘ఓం నమః శివాయ సిద్ధం నమః’ అని పలుకుతూ దిద్దిస్తుంది. మన ‘ఓనమాలు’ అన్న మాట పుట్టింది ఆ నమస్కారం నుంచే. ఇందులో పెన్సిలు లేదు, గీతల పుస్తకం లేదు. తప్పు పోతే అరచేతితో బియ్యం సరిచేస్తే చాలు, తప్పు జాడ కూడా మిగలదు. చెవి శబ్దాన్ని, కన్ను రూపాన్ని, వేలికొస ఆ వంపును ఒక్కసారిగా గ్రహిస్తాయి. వేడుకగా భావించి మనం ఒక్క పూటతో ముగించేది నిజానికి ఒక బోధన పద్ధతి.

వెనుకటి వీధిబడులలో ఇసుక పరచి వేలితో దిద్దించడం ఈ పద్ధతికి కొనసాగింపే. పద్దెనిమిదవ శతాబ్దం చివర మద్రాసు ఎగ్మూరులో అనాథ బాలుర ఆశ్రమాన్ని నడిపిన ఆండ్రూ బెల్, ఇక్కడి పిల్లలు ఇసుకలో రాయడం చూసి తన బడిలో ప్రవేశపెట్టాడు. 1797లో లండన్‌లో ఆ అనుభవాన్ని గ్రంథంగా ప్రకటించాడు. అది ఇంగ్లండులో ‘మద్రాసు పద్ధతి’గా ప్రసిద్ధికెక్కింది. 1939లో మద్రాసు అడయారుకు వచ్చిన మరియా మాంటిసోరీ గరుకు కాగితంతో చేసిన అక్షరాలను పసివారి వేళ్లతో తడిమించేవారు. దేశం వేరు, సామగ్రి వేరు, వేలు మాత్రం ఒక్కటే.

నాలుగేళ్ల బిడ్డ మణికట్టు ఎముకలు ఇంకా పూర్తిగా గట్టిపడవు. పైగా మన లిపి గుండ్రనిది. మొదటి అక్షరమైన ‘అ’ చిన్న చేతికి సులభమైనది కాదు. సున్న చుట్టడం వచ్చిన బిడ్డకు ‘ర’, ‘ఠ’ చేతికి దగ్గరగా ఉంటాయి. వర్ణమాల వరుస పలకడానికి, పాడడానికి. దిద్దడానికి ఆ వరుసే శాసనమని ఎవరూ చెప్పలేదు. ‘ద’ కింద చిన్న గీత పడితే ‘ధ’, లోపల చుక్క కూడా చేరితే ‘థ’. ఈ మూడింటినీ ఒకే రోజున ముందు పెడితే పెద్దవారమైనా తడబడతాము. ‘ప’, ‘వ’లదీ ఇదే గొడవ. ముందు గుర్తుపట్టనివ్వాలి, ఆ తరువాతే రాయించాలి.

తల్లాడ దాటి అడవి దిక్కుగా వెళ్లే కొద్దీ మరొక సంగతి ఎదురవుతుంది. కోయ గూడెంలో బిడ్డ తన తల్లి వద్ద నేర్చినది కోయ మాట. ‘ఏ’ అనగానే మన వాచకం ఏనుగును చూపుతుంది. కోయ మాటలో ‘ఏర్’ అంటే నీరు. ఇంటి ముంగిట కుండను చూపి ఆ అక్షరం చెబితే బిడ్డకు అది నిన్నటి పరిచయమే. అమ్మ మాటలో లేని అక్షరాన్ని నూరుసార్లు రాయించడం కంటే, ఉన్న మాటలో దానిని ఒక్కసారి వినిపించడం మేలని నా అభిప్రాయం. సరస్వతి వాగ్దేవి కదా, ఆమెకు కోయ మాట రాదని ఎవరనగలరు?

1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం కింద అంగన్‌వాడీలలో మూడు నుంచి ఆరేళ్ల వారికి ఆటపాటలతో చదువు చెప్పాలి. 2020 జాతీయ విద్యావిధానమూ ఆ వయసుకు ఆటనే ప్రధానం చేసింది. కానీ ‘అక్కడ ఆడించడమే తప్ప రాయించరు’ అని పెదవి విరిచి, అప్పుచేసి మరీ రాయించే బడికి పంపే తల్లిదండ్రులు మా మండలంలో తక్కువేమీ కాదు. వారి ఆశను ఎగతాళి చేయలేను. నా ఆశా అదే.

బాసరలో అక్షరాభ్యాసం చేయించుకుని వచ్చే కుటుంబాలకు ఒక మనవి. ఆ పళ్లెం ఇంట్లో కొన్నాళ్లు అలాగే ఉంచండి. పిడికెడు బియ్యం చాలు. సాయంత్రం దీపం పెట్టిన వేళ బిడ్డ తానై వస్తే ఒక్క అక్షరం దిద్దించండి, రాకపోతే పిలవకండి.

మా వాడిని ఆ బడి మాన్పించాము. పళ్లెం మళ్లీ తీశాము. నెల దాటాక ఒకనాడు కూడలిలో నా వేలు లాగి ‘తాతయ్యా, ఖ’ అన్నాడు. ఖమ్మం బస్సు. ఇంటికి వచ్చి బియ్యంలో దానిని గీశాడు, తలకిందులుగా. నేను దిద్దలేదు.