ఆరోగ్య పుట: మూలకణాల సూది కోసం పొలం అమ్మవచ్చునా?



తన భర్త మూత్రపిండాలు చెడిపోయి డయాలసిస్ మీద ఉన్నారనీ, మూలకణాల సూదితో నయమవుతుందని ఒకరు నమ్మబలికితే పొలం బేరానికి పెట్టామనీ ఒక సహోదరి మాకు వ్రాశారు.

అమ్మా, తొందరపడవద్దు. మూలకణాలంటే కొత్త కణాలను పుట్టించగల కణాలు. వాటితో మూత్రపిండాలకు మేలు కలుగుతుందా అని పరిశోధిస్తున్నారు గాని ఇంకా రుజువు కాలేదు. భారత వైద్య పరిశోధన మండలి 2017లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఈ జబ్బుకు ఆ చికిత్సను అనుమతి పొందిన పరిశోధనలోనే చేయాలి. రోగి వద్ద సొమ్ము తీసుకోకూడదు. సొమ్ము అడిగారంటే అక్కడే అనుమానించండి. థాయ్‌లాండ్‌లో ఇలా సూదులు వేయించుకున్న ఒక స్త్రీ మూత్రపిండంలో గడ్డలు పుట్టినట్టు 2010లో వైద్య పత్రికలో వచ్చింది.

డయాలసిస్ ఒక్క వారం కూడా మానవద్దు. జిల్లా ఆసుపత్రిలో పేదలకు ఉచితంగా చేస్తారు, అడగండి. మార్పిడి సంగతి డాక్టరుగారితో మాట్లాడి, జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించండి.

వైద్యుల వెంట తిరిగి ఉన్నదంతా పోగొట్టుకున్న స్త్రీని ప్రభువు గద్దించలేదు, కుమారీ అని పిలిచాడు. మీ కన్నీరు ఆయన ఎరుగును. మీ ఇంటి కొరకు ప్రార్థిస్తున్నాము. పొలం మాత్రం నిలుపుకొనండి.