యోధుని రెండవ గాయము

యుద్ధమున నొక కాలు గాయపడిన సైనికుడు ఇల్లుచేరి యిరువది సంవత్సరములు కుంటుచు బ్రదికెననుకొందము. దేహభారమునెల్ల మోసిన రెండవ మోకాలు అరిగిపోయినది, నడుము పట్టినది. ఈ రెండవ బాధను ఎవరి లెక్కలో వ్రాయవలెను? వార్ధక్యపు లెక్కలోనా, అతనిని యుద్ధమునకు బంపిన ప్రభుత్వపు లెక్కలోనా? అమెరికా సంయుక్త రాష్ట్రములలో మాజీ సైనికులు అంగవైకల్య భృతికై చేసికొనుచున్న యపీళ్ళలో ననేకములకు మూలమైన ప్రశ్న యిదియే.

ఆ దేశపు శాసనము మాటలలో నుదారమైనదేయని మేమంగీకరింతుము. సేవాకాలపు గాయమువలన పిదప పుట్టిన వ్యాధికిని భృతి కలదు. పాతగాయము క్రొత్తవ్యాధిని పుట్టింపక, ఉన్నదానిని ముదురజేసినను, ముదిరినంత మేరకు భృతి చెల్లింపవలెనని 1995లో అచ్చటి మాజీ సైనికుల న్యాయస్థానము ఆలెన్ వ్యాజ్యములో తీర్పు చెప్పినది. ఇరుప్రక్కల సాక్ష్యము సరితూగినప్పుడు సందేహఫలము సైనికునకే చెందవలెనని శాసనమే విధించుచున్నది.

అట్లయిన అపీళ్ళేల? మాటలోని యౌదార్యము ఋజువు నడిగెడి చోట సన్నగిల్లుచున్నది. 2006 సవరణప్రకారము, వ్యాధి ముదిరినదనుటకు దాని పూర్వస్థితి యెట్టిదో ఆనాటి వైద్యపత్రములే చెప్పవలెను. అవి లేనిచో తరువాతి పత్రములలో మొదటిదైనను చెప్పవలెను. నొప్పి పుట్టిననాడే డాక్టరు గుమ్మమెక్కిన వానికి పత్రములుండును. పండ్లు బిగబట్టి పనికి బోయినవాని కేముండును? ఓర్పును నేర్పినది సైన్యమే. ఆ యోర్పే నేడు వానికి ప్రతికూలసాక్ష్యమగుట న్యాయమా?

పరీక్షించు వైద్యుడు “ఇది వయస్సువలని యరుగుదల” యని యొక్క వాక్యముతో ముగించుటయు కలదు. వయస్సు కారణమే కావచ్చును. కుంటినడక దానిని హెచ్చించినదా యన్న రెండవ ప్రశ్నకు అందు సమాధానమేది? వైద్యాభిప్రాయమునకు విలువనిచ్చునది దాని హేతువేయని 2008లో ఆ న్యాయస్థానమే నుడివినది. 2017 శాసనము 2019 నుండి అమలులోనికి వచ్చి, క్రొత్త సాక్ష్యముతో విన్నపము, పై యధికారి పునఃపరిశీలన, అపీళ్ళ బోర్డు అను మూడు మార్గములను తెరచినది. మంచిదే. కాని యేడాది గడువు దాటినవాడు పూర్వపు తేదీనుండి రావలసిన సొమ్మును పోగొట్టుకొనవచ్చును.

కుంటినవారి కెల్ల రెండవ మోకాలు చెడునని వైద్యశాస్త్రము చెప్పుటలేదనియు, స్థూలకాయమును వంశమును గూడ కారణములేయనియు, ప్రజాధనమునకు కావలి యవసరమనియు ప్రతివాదులందురు. ఒప్పుకొందము. కాని సేవాకారణమున మోకాలివద్దగాని దానికి పైనగాని ఒక కాలు తీసివేయబడిన వానికి గుండెజబ్బు వచ్చినచో, అది యా నష్టఫలమేయని అమెరికా నిబంధన వేరు ఋజువడుగకయే యంగీకరించుచున్నది. గుండెకు దొరికిన యా నమ్మకము, అనుదినము బరువు మోయుచున్న మిగిలిన మోకాలికి దొరకదేల? కాలు కోల్పోయినవారి రెండవ మోకాలు హెచ్చుగా చెడుచున్నదని పరిశోధనలే చూపుచున్నవి. ఇట్టివారికైనను ఆ న్యాయమునే విస్తరింపజేయుట యుక్తమని మా దృఢాభిప్రాయము.

ఇది పరదేశపు ముచ్చటయని పాఠకులు త్రోసిపుచ్చరాదు. చేరునాడు ఆరోగ్యవంతుడని నమోదైన సైనికుడు పిదప వైకల్యముచే కొలువునుండి తొలగింపబడినచో, ఆ వైకల్యము సేవాజనితమని భావింపవలెననియు, కాదని నిరూపించు భారము ప్రభుత్వముదేననియు 1982 నిబంధనల ననుసరించి మన సుప్రీంకోర్టు 2013లో ధరమ్‌వీర్ సింగు వ్యాజ్యమున తీర్పు చెప్పినది. ఏ దేశమునకైనను ధర్మమొక్కటియే. భృతి దానము కాదు, ఋణము. ఋణపడినవాడు ఋణదాతను బిచ్చగానివలె వాకిట నిలుపరాదు.